మాట వెంట వచ్చే 'టు'

"హి అడ్వైజ్డ్ మి టు గో" అంటే ఒప్పు. "హి సజెస్టెడ్ మి టు గో" అంటే తప్పు. తెలుగులో ఈ రెంటికీ మనం చెప్పుకునే అర్థం ఒక్కటే, వెళ్లమని సలహా ఇచ్చాడని. 'హోప్' తర్వాత 'టు' రావాలి, 'ఎంజాయ్' తర్వాత రాకూడదు. 'స్టాప్' తర్వాత 'టు' వచ్చినా 'ఇంగ్' వచ్చినా ఒప్పే గానీ అర్థం తలకిందులవుతుంది. ఎందుకిలా అని పదో తరగతి పిల్ల అడిగితే చాలా క్లాసుల్లో దొరికే జవాబు, "అదంతే, గుర్తుపెట్టుకో" అని. ఆ జవాబు పూర్తిగా అబద్ధం కాదు. అయితే అందులో నిజమెంత, బద్ధకమెంత అన్నది తేల్చడానికి వ్యాకరణవేత్తలూ నిఘంటుకారులూ వందేళ్లుగా చాలా పని చేశారు. ఆ పనిలో పెద్ద భాగం మన ఇంగ్లిష్ పాఠాల దాకా రాలేదు. వచ్చిన కొంచెమూ తెలుగుతో ముడిపెట్టి చెప్పినవాళ్లు తక్కువ.

'టు' పుట్టుక దగ్గర మొదలుపెడితే సంగతి కొంత తేలికవుతుంది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో ఇన్ఫినిటివ్‌కి 'టు' తప్పనిసరి కాదు. క్రియ చివర 'అన్' అనే ప్రత్యయం చేరితే సరిపోయేది. మన పాత తెలుగులోని 'చేయన్', 'పోవన్' రూపాలు గుర్తొస్తాయి గానీ ఆ పోలిక కాకతాళీయమే. దాని పక్కనే 'టు' ముందు చేరిన మరో రూపం ఉండేది. ఫలానా పని వైపు, ఫలానా పని కోసం అని దాని అర్థం. తర్వాతి శతాబ్దాల్లో క్రియల చివరి ప్రత్యయాలు అరిగిపోయాయి. ఇది ఇన్ఫినిటివ్ అని చెప్పే గుర్తు ఏదో ఒకటి కావాలి గనక 'టు' ఆ పనిలో కుదురుకుంది. 'టు' లేని పాత రూపం కొన్ని చోట్ల మాత్రం మిగిలింది: 'కెన్', 'విల్', 'మస్ట్' వంటి సహాయక క్రియల తర్వాత, 'లెట్', 'మేక్' తర్వాత, 'సీ', 'హియర్' లాంటి చూపు, వినికిడి క్రియల తర్వాత.

"దె మేడ్ హిమ్ వెయిట్" అన్నప్పుడు 'టు' ఉండదు. అదే వాక్యాన్ని కర్మణిలోకి తిప్పితే "హి వజ్ మేడ్ టు వెయిట్" అని 'టు' వచ్చి చేరుతుంది. మనవాళ్లు "మేడ్ మి టు క్రై" అని రాయడానికి ఈ కర్మణి రూపం చెవిలో ఉండటం ఒక కారణం కావచ్చు. 'ఫోర్స్', 'కాజ్', 'అలౌ' లాంటి దగ్గరి క్రియలన్నీ 'టు'నే కోరడం అంతకంటే పెద్ద కారణమని నా ఉద్దేశం. ఇక్కడ తెలుగు మనకు బాగా సాయపడుతుంది. 'లెట్ హిమ్ గో'కి అతి దగ్గరి తెలుగు 'వెళ్లనిచ్చాడు'. అందులో 'వెళ్ల' అన్నది పాత తుమున్నర్థక రూపం, అంటే తెలుగు ఇన్ఫినిటివే, దానికి 'అని' గానీ 'డానికి' గానీ తగల్లేదు. 'అలౌడ్ హిమ్ టు గో'కి దగ్గరి తెలుగు 'వెళ్లడానికి అనుమతించాడు'. ఇంగ్లిష్‌లో 'టు' వచ్చిన చోటే తెలుగులో 'కి' వచ్చింది. ఈ రెండు జతలనూ నల్లబల్ల మీద పక్కపక్కన రాస్తే 'లెట్' తర్వాత 'టు' ఎందుకు లేదో పిల్లలకు ఒక ఆధారం దొరుకుతుంది.

ఏ క్రియ తర్వాత ఏది వస్తుందో క్రియవారీగా రాసిపెట్టాలన్న ఆలోచన గట్టిపడింది జపాన్‌లో. హెరాల్డ్ పామర్ 1922లో అక్కడికి వెళ్లి, మరుసటి ఏడాది టోక్యోలో ఇంగ్లిష్ బోధన మీద పరిశోధనకు ఒక సంస్థ పెట్టాడు. 1924లో జపాన్ చేరిన ఎ.ఎస్. హార్న్‌బీ తర్వాత ఆ పనిలో కలిశాడు. ఇంగ్లిష్ తల్లిభాషగా పెరిగినవాడికి "సజెస్టెడ్ మి టు గో" అనే వాక్యం నోటికే రాదు. అందుకే వాళ్ల కోసం రాసిన వ్యాకరణాలకు ఈ సంగతి చెప్పాల్సిన అవసరమే తోచలేదు. జపాన్ విద్యార్థికి మాత్రం అది రోజూ తగిలే చిక్కు. 1938లో పామర్ 'ఎ గ్రామర్ ఆఫ్ ఇంగ్లిష్ వర్డ్స్' తెచ్చాడు. వ్యాకరణం వాక్యానికే కాదు, ఒక్కో మాటకూ ఉంటుందని ఆ పేరే చెబుతోంది. హార్న్‌బీ, గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్ కలిసి చేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది, అదీ బ్రిటన్‌కూ జపాన్‌కూ యుద్ధం నడుస్తున్న రోజుల్లో. క్రియలు నడిచే దారులను 25 నమూనాలుగా విడదీసి, ఏ క్రియ ఏ నమూనాలో ఇముడుతుందో అందులో గుర్తులు పెట్టారు. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని తిరిగి వేసింది. ఈనాడు మన ఇళ్లలో కనిపించే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. 1954లో హార్న్‌బీ నమూనాల మీద విడిగా ఒక పుస్తకం రాసి, నామవాచకాలకూ విశేషణాలకూ కూడా అందులో చోటిచ్చాడు.

ఈ పరంపర హైదరాబాద్ దాకా వచ్చింది. 1958లో ఇక్కడ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఏర్పడింది, ఇప్పటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం అదే. అప్పట్లో దేశమంతా 'స్ట్రక్చరల్' పద్ధతి నడుస్తోంది. వాక్య నమూనాలను ఒక క్రమంలో పేర్చి, నోటితో చెప్పించి అలవాటు చేయించడం ఆ పద్ధతి. కానీ నమూనా క్లాసులోకి వచ్చేసరికి ఒక ముఖ్యమైన సంగతి దారిలో జారిపోయింది. హార్న్‌బీ దృష్టి అంతా ఏ క్రియ ఆ నమూనాలో ఇముడుతుంది, ఏది ఇమడదు అన్నదాని మీద ఉంది. క్లాసులో నమూనా మిగిలింది, క్రియల పట్టిక పోయింది. "ఐ వాంట్ హిమ్ టు కమ్" అని పదిసార్లు చెప్పించారు. 'వాంట్' స్థానంలో 'హోప్' పెట్టకూడదని చెప్పడం తగ్గింది. "ఐ హోప్ హిమ్ టు కమ్" అనే తప్పుకు దారి అక్కడే తెరుచుకుంది.

పట్టికతో తృప్తిపడని పండితులు దీని వెనక అర్థం ఏదో ఉండాలని వెతికారు. 1968లో డ్వైట్ బోలింజర్ ఒక ప్రతిపాదన చేశాడు. 'ఇంగ్' రూపం జరిగినదాన్ని, వాస్తవంగా పట్టుబడేదాన్ని చూపిస్తుంది, 'టు' రూపం ఇంకా ఊహలో, సంకల్పంలో ఉన్నదాన్ని చూపిస్తుంది. 1970లో పాల్ కిపార్‌స్కీ, కారల్ కిపార్‌స్కీ 'ఫ్యాక్ట్' అనే వ్యాసంలో మరో వైపు నుంచి ఇలాంటి సంగతే చెప్పారు. 'రిగ్రెట్' లాంటి క్రియలు తమ తర్వాత వచ్చే సంగతి నిజమని ముందే ఒప్పుకుని మాట్లాడతాయి, అలాంటివి 'ఇంగ్' వైపు మొగ్గుతాయి. 'టు'కి మొదట ఉన్న 'వైపు' అన్న అర్థంతో ఈ రెండూ చక్కగా పొసగుతాయి. వాంట్, హోప్, ప్లాన్, డిసైడ్, అగ్రీ, రిఫ్యూజ్ అన్నీ రాబోయే పనిని చూసేవే.

ఈ సిద్ధాంతం బాగా వెలిగేది రెండు రూపాలూ తీసుకునే క్రియల దగ్గర. అక్కడ తెలుగువాడు వెనకబడి లేడు, నిజానికి ముందున్నాడు. "హి స్టాప్డ్ స్మోకింగ్" అంటే సిగరెట్ మానేశాడు, "హి స్టాప్డ్ టు స్మోక్" అంటే సిగరెట్ కాల్చుకోడానికి ఆగాడు. మానడానికీ ఆగడానికీ మనకు వేర్వేరు క్రియలే ఉన్నాయి. "ట్రై టు ఓపెన్ ద విండో" అంటే కిటికీ తెరవడానికి ప్రయత్నించు, అది బిగుసుకుపోయి ఉండొచ్చు. "ట్రై ఓపెనింగ్ ద విండో" అంటే కిటికీ తెరిచి చూడు, గదిలో ఉక్క తగ్గుతుందేమో. 'తెరవడానికి', 'తెరిచి' అన్న తేడా మనం చిన్నప్పటి నుంచీ పాటిస్తున్నదే. "ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్" అంటే తాళం వేసినట్టు గుర్తుంది. "ఐ రిమెంబర్డ్ టు లాక్ ద డోర్" అంటే గుర్తుపెట్టుకుని తాళం వేశాను. ఇంత స్పష్టమైన తేడా తన భాషలో ఉన్నవాడికి 'టు', 'ఇంగ్' వాడకం బ్రహ్మవిద్య కాకూడదు.

మరి ఎక్కడ దెబ్బతింటున్నాం? 'డం' దగ్గర. "తాళం వేయడం మర్చిపోయాను" అంటాం. బడిలో 'డం' అంటే 'ఇంగ్' అని నేర్పారు. దాంతో "ఐ ఫర్గాట్ లాకింగ్ ద డోర్" అని రాస్తాం. అంటే తాళం వేశాను, కానీ వేసిన సంగతి మర్చిపోయాను అని. చెప్పదలుచుకున్నదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. మన 'డం' జరిగినదానికీ జరగనిదానికీ కూడా పనిచేస్తుంది, ఇంగ్లిష్ 'ఇంగ్' ఇక్కడ ఆ పని చేయదు. 'డం'కి 'ఇంగ్' అని ఒకటికొకటి జోడీ కట్టి నేర్పడం మానేస్తే ఈ ఒక్క తప్పే కాదు, దాని వెంట వచ్చే మరికొన్ని కూడా పోతాయి.

అయితే అర్థ సిద్ధాంతం అన్నిటినీ మోయలేదు. 'కన్సిడర్', 'పోస్ట్‌పోన్', 'సజెస్ట్', 'రిస్క్' కూడా ఇంకా జరగని పనుల గురించే మాట్లాడతాయి. వాటి తర్వాత 'ఇంగ్' వస్తుంది. 'మేనేజ్' తర్వాత వచ్చేది నిజంగా జరిగిన పని, అయినా "మేనేజ్డ్ టు ఎస్కేప్" అనాలి. కొన్నిచోట్ల అర్థంతో సంబంధం లేకుండా చెవికి సంబంధించిన కట్టుబాటు పనిచేస్తుంది. 'స్టార్ట్' తర్వాత రెండు రూపాలూ ఒప్పే గానీ "ఇట్ ఈజ్ స్టార్టింగ్ రెయినింగ్" అని ఎవరూ అనరు. రెండు 'ఇంగ్'లు పక్కపక్కన పడటం ఇంగ్లిష్‌కు గిట్టదని 1972లో జాన్ రాస్ ఒక వ్యాసమే రాశాడు. అన్నీ తెలిసిన తర్వాత ప్రతి క్రియకూ ఒక అర్థ వివరణ అల్లుకోవచ్చు. నేర్చుకునేవాడికి కావాల్సింది మాత్రం తెలియకముందు దారి చూపే వివరణ.

ఇక పని చేసేదెవరన్న ప్రశ్న. భాషాశాస్త్రంలో దీని మీద పీటర్ రోసెన్‌బామ్ 1967 నాటి పుస్తకం మొదలుకుని పెద్ద గ్రంథాలయమే ఉంది. "హి టోల్డ్ మి టు కమ్" అంటే రావాల్సింది నేను. "హి ప్రామిస్డ్ మి టు కమ్" అంటే వచ్చేది అతను. వాక్యాల రూపం ఒక్కటే, తేడా అంతా క్రియ కడుపులో ఉంది. తల్లిభాష ఇంగ్లిష్ అయిన పిల్లలకు కూడా ఇది ఒక్కసారిగా పట్టుబడదు. కేరల్ చామ్‌స్కీ 1969లో ప్రచురించిన అధ్యయనంలో 5 నుంచి 10 ఏళ్ల పిల్లలను బొమ్మలతో పరీక్షించింది. ఒక బొమ్మ 'ప్రామిస్' చేసిన పనిని చిన్నపిల్లల్లో చాలామంది రెండో బొమ్మ చేత చేయించారు. కళ్లకు గంతలు కట్టిన బొమ్మను చూపించి "ఈజ్ ద డాల్ ఈజీ టు సీ ఆర్ హార్డ్ టు సీ?" అని అడిగితే చిన్నవాళ్లు కష్టమన్నారు. బొమ్మను చూడటం మనకు తేలికా అని ప్రశ్న. బొమ్మకు చూడటం తేలికా అని వాళ్లకు అర్థమైంది.

తెలుగులో ఈ పరీక్ష పెట్టడానికే వీలు కాదు. "రమ్మన్నాడు", "వస్తానన్నాడు". 'అని' ముందు ఎదుటివాడి మాటను దాదాపు ఉన్నది ఉన్నట్టు పెడతాం. విధి రూపం వస్తే చేయాల్సింది వినేవాడు, ఉత్తమ పురుష వస్తే మాట ఇచ్చినవాడు. 'ఈజీ టు సీ'కి "బొమ్మను చూడటం తేలిక" అంటాం, బొమ్మే చూడాలంటే "బొమ్మకు చూడటం కష్టం" అంటాం. 'ను', 'కు' తేడా చెప్పేస్తాయి. మన భాష పైకి చెప్పేదాన్ని ఇంగ్లిష్ క్రియలో దాచుకుంటుంది. తెలుగు పిల్లలు ఇంగ్లిష్ 'టు' దగ్గర తికమకపడటానికి అసలు కారణం ఇదే అంటాను. మనకు 'మని' ఉంటే చాలు, దాని పక్కన చెప్పు, అడుగు, బతిమాలు, సలహా ఇవ్వు, పట్టుబట్టు ఏదైనా పెట్టుకోవచ్చు. ఇంగ్లిష్‌లో టెల్, ఆస్క్, బెగ్, అడ్వైజ్ కర్మను, దాని వెంట 'టు'ను రానిస్తాయి. సజెస్ట్, ఇన్‌సిస్ట్ రానివ్వవు. 'డిమాండ్' అయితే "డిమాండెడ్ టు సీ ద మేనేజర్" వరకు ఒప్పుకుని, "డిమాండెడ్ హిమ్ టు కమ్" దగ్గర ఆగిపోతుంది.

నామవాచకాల దగ్గరికి వస్తే మన పాఠాలు దాదాపు మౌనం. నా దృష్టిలో కష్టం ఇక్కడ ఇంకా ఎక్కువ. క్రియకున్న 'టు' దాని నామవాచకానికీ సంక్రమిస్తుందని మొదట అనిపిస్తుంది: డిసైడ్ టు, డెసిషన్ టు. రిఫ్యూజ్ టు, రిఫ్యూజల్ టు. ఫెయిల్ టు, ఫెయిల్యూర్ టు. అంతలో 'హోప్ టు విన్' కాస్తా 'హోప్ ఆఫ్ విన్నింగ్' అవుతుంది. "హి ఈజ్ సర్టన్ టు విన్" ఒప్పు, 'హిజ్ సర్టన్టీ టు విన్' తప్పు. ఇలాంటి జతల మీద నోమ్ చామ్‌స్కీ 1970లో రాసిన వ్యాసం సిద్ధాంత చరిత్రలో ఒక మలుపు. దాని సాంకేతిక చర్చ ఇక్కడ అక్కర్లేదు. నామవాచకం తన నడక తనే నేర్చుకుంటుందని, క్రియను చూసి ఊహించలేమని గ్రహిస్తే చాలు.

తెలుగులో ఒకే అచ్చు. చదివే హక్కు, చదివే అలవాటు, చదివే శక్తి, చదివే ఆలోచన, చదివే ఆసక్తి. ఇంగ్లిష్‌లో ఇవి చీలిపోతాయి. హక్కుకీ శక్తికీ 'టు': రైట్ టు రీడ్, ఎబిలిటీ టు రీడ్. అలవాటుకీ ఆలోచనకీ 'ఆఫ్': హ్యాబిట్ ఆఫ్ రీడింగ్, ఐడియా ఆఫ్ రీడింగ్. ఆసక్తికి 'ఇన్'. ఉద్యోగ దరఖాస్తుల్లో కనిపించే "ఐ హ్యావ్ ఇంట్రెస్ట్ టు లర్న్" ఇక్కడి నుంచే వచ్చింది. 'అవకాశం' మరీ చిక్కుది. "చదువుకునే అవకాశం వచ్చింది" అంటాం, "వర్షం పడే అవకాశం ఉంది" అంటాం. మొదటిది 'ఆపర్చునిటీ టు స్టడీ'. రెండోది 'పాసిబిలిటీ ఆఫ్ రెయిన్', దానికి 'టు' పనికిరాదు.

మరో రకం 'టు' నామవాచకం వెనక విశేషణంలా నిలబడుతుంది. 'రాయడానికి' అన్న ఒక్క మాట చూడండి. రాయడానికి పెన్ను కావాలి: "ఎ పెన్ టు రైట్ విత్". రాయడానికి కాగితం కావాలి: "పేపర్ టు రైట్ ఆన్". రాయడానికి విషయం కావాలి: "సమ్‌థింగ్ టు రైట్ అబౌట్". పెన్నుతో, కాగితం మీద, విషయం గురించి అన్న సంబంధాన్ని తెలుగు వినేవాడికే వదిలేస్తుంది. ఇంగ్లిష్ చివర్లో దాన్ని తప్పక చెప్పించుకుంటుంది. "ఎ చైర్ టు సిట్", "ఎ హౌస్ టు లివ్" అని మనం ఆగిపోయేది అందుకే, ఆ 'ఆన్', 'ఇన్' మనకు మిగులు మాటల్లా కనిపిస్తాయి. ఇదే కోవలో "ద ఫస్ట్ మ్యాన్ టు వాక్ ఆన్ ద మూన్" ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్ నడిచింది 1969లో, మనం చంద్రుడి మీద మొదట నడిచిన మనిషి అని భూతకాలంలోనే అంటాం. 'టు' అంటే భవిష్యత్తు అని బట్టీపట్టినవాడికి ఈ ఒక్క వాక్యం చాలు, ఆ సూత్రానికి ఎల్లలున్నాయని తెలియడానికి.

పట్టికకూ అర్థానికీ మధ్య ఒప్పుదల కుదిర్చింది కంప్యూటర్. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ నాయకత్వాన కోట్ల మాటల వాడుక ఇంగ్లిష్‌ను పోగుచేసి, 1987లో కోబిల్డ్ నిఘంటువు తెచ్చారు. ఆ పనికి కొనసాగింపుగా గిల్ ఫ్రాన్సిస్, సుసాన్ హన్‌స్టన్, ఎలిజబెత్ మానింగ్ చేసిన నమూనాల సంపుటాలు రెండు: 1996లో క్రియలు, 1998లో నామవాచకాలు, విశేషణాలు. వాళ్లకు కనిపించింది ఇది: ఒకే నమూనాను పంచుకునే మాటలు లెక్కలేనన్ని అర్థాలుగా చెదిరిపోవు, కొద్దిపాటి అర్థ కుటుంబాలుగా గుమికూడతాయి. 'టు' తీసుకునే నామవాచకాల్లో కోరికలు ఒక గుంపు, ప్రయత్నాలు ఒక గుంపు, అనుమతులూ హక్కులూ ఒక గుంపు, సామర్థ్యాలు మరొకటి. కొత్త మాట ఎదురైనప్పుడు ఏ కుటుంబానిదో చూసి చాలావరకు సరిగా ఊహించవచ్చు, తప్పిపోయే కొన్నిటిని విడిగా గుర్తుంచుకోవచ్చు. ఇప్పటివరకు వచ్చిన జవాబుల్లో నేను మొగ్గేది దీనివైపే. ఇది ఉన్నదాన్ని దాచదు, లేని సూత్రాన్ని చూపదు.

ఈ కుటుంబాలు స్థిరంగా ఉండేవీ కావు. కొన్ని శతాబ్దాలుగా 'టు' ఉన్న చోట్లలోకి 'ఇంగ్' జరుగుతూ వస్తోంది. గుంటర్ రోడెన్‌బర్గ్ లాంటి పరిశోధకులు దీనికి మహా మార్పు అన్న అర్థం వచ్చే పేరే పెట్టారు. "ఐ రిమెంబర్ టు హ్యావ్ సీన్" అన్నది ఒకప్పుడు మంచి ఇంగ్లిష్, ఇప్పుడు "ఐ రిమెంబర్ సీయింగ్" అంటారు. 'అకస్టమ్డ్ టు డూ' పంతొమ్మిదో శతాబ్దంలో మామూలు మాట, ఇప్పుడు 'అకస్టమ్డ్ టు డూయింగ్'. 'హెల్ప్' మరో దారిన నడిచింది. దాని తర్వాతి 'టు' క్రమంగా రాలిపోతోంది, అమెరికాలో మరీ ఎక్కువగా. పాత పుస్తకాలు చదివి ఇంగ్లిష్ నేర్చుకున్న మన పెద్దల ఉత్తరాల్లో ఇవాళ తప్పనిపించే రూపాలు కొన్ని అప్పటి మంచి రచయితల వాడుకే. వాళ్లను తప్పుపట్టేముందు ఇది తెలిసి ఉండటం న్యాయం.

'అకస్టమ్డ్ టు' పక్కనే 'లుక్ ఫార్వర్డ్ టు' ఉంది. "లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు" అని రోజూ ఎన్నో ఈమెయిళ్లు ముగుస్తాయి. ఇక్కడి 'టు' ఇన్ఫినిటివ్‌ది కాదు, మామూలు ప్రిపొజిషన్. దాని వెనక ఒక నామవాచకం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. "ఫార్వర్డ్ టు ద మీటింగ్" కుదురుతుంది, కాబట్టి "టు మీటింగ్ యు". 'వాంట్ టు ద మీటింగ్' కుదరదు, కాబట్టి "వాంట్ టు మీట్".

మన చేతుల్లో తరాలుగా ఉన్న రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణ పుస్తకంలో ఇన్ఫినిటివ్‌కి నిర్వచనం, ప్రయోజనాలు, రెండు వాక్యాలను కలిపే అభ్యాసాలు ఉన్నాయి. వాక్యంలో ఇన్ఫినిటివ్‌ను గుర్తుపట్టడానికి అవి చాలు, సొంతంగా రాయడానికి చాలవు. రాసేవాడికి కావాల్సింది మాట నేర్చుకున్న రోజే దాని వెంట వచ్చేదాన్నీ నేర్చుకోవడం. మనవాళ్లు ఎక్కువగా వాడే ఇంగ్లిష్-తెలుగు నిఘంటువుల్లో మాట, ఉచ్చారణ, అర్థం ఉంటాయి, నడక ఉండదు. 'సజెస్ట్' అన్న మాట కింద 'సూచించు' అని రాసి ఆపకుండా ఇంకో నాలుగు ముక్కలు చేరిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. సజెస్ట్: సూచించు, సలహా చెప్పు. వెళ్దామన్నాడు: 'సజెస్టెడ్ గోయింగ్'. నన్ను వెళ్లమన్నాడు: 'సజెస్టెడ్ దట్ ఐ గో'. 'మి టు గో' రాదు, దానికి 'అడ్వైజ్' చూడండి. నామవాచకం 'సజెషన్': 'దట్' వస్తుంది, 'టు' వాడకండి.